కిటికీలు మూసిన పూతకాలం

శ్రావణమాసం చివరి వారంలో ఒక ఉదయం, మా వీధి మలుపులో ఉండే ఆటో ఆయన మా గేటు దగ్గర బండి ఆపి, దిగకుండానే, “మాస్టారూ, డాక్టరమ్మ గారు చనిపోయారంటండీ” అన్నాడు. ఏ డాక్టరమ్మ అని నేను అడగలేదు. ఎదురింటి మేడమీద తలుపుకు పది రోజులుగా తాళం ఉంది. ఆమె సెలవుపెట్టి సొంత ఊరు వెళ్లారు. అక్కడ మెదడులో రక్తనాళం చిట్లిందట. ఆసుపత్రికి చేర్చేలోగానే అంతా అయిపోయిందట. ఆమెకు యాభై ఏళ్లు కూడా నిండలేదు. నేను బతుకంతా తెలుగు బోధించినవాణ్ణి. ఎవరు నోరు విప్పినా నా చెవి ముందు దోషాన్ని వెదకుతుంది. ఆ ఉదయం అది ఏమీ వెదకలేదు.

లోపలినుంచి నా భార్య వచ్చి “ఎవరండీ?” అంది. చెప్పాను. ఆమె మెట్టుమీద కూర్చుండిపోయింది. కాసేపటికి ఒక నిట్టూర్పు విడిచింది. అందులో పిల్లికూత లేదు, గురక లేదు. పాతికేళ్లు ఉబ్బసంతో అవస్థపడిన మనిషి ఊపిరి ఇలా నెమ్మదించడానికి కారణం ఎవరో మా ఇద్దరికీ తెలుసు. ఊరికి మాత్రం వేరే విధంగా తెలుసు. అలా తెలియడానికి బాధ్యుణ్ణి నేను. ఆ సంగతి పాఠకులకు విన్నవించడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. డాక్టరమ్మ గారు బతికి ఉండగా రాయవలసినవి ఇవి.

ఆమె వైద్యం చదివారు గాని వైద్యం చేసేవారు కారు. పరిశోధకురాలు. పదిమందికి ఏ హానీ చేయని దుమ్మును, పుప్పొడిని చూసి కొందరి ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఎందుకు ఉలికిపడుతుంది, ఆ ఉలికిపాటు ఉబ్బసంగా ఎలా మారుతుంది అన్నది ఆమె విషయం. మూడేళ్ల క్రితం ఎదురింట్లో అద్దెకు దిగినప్పుడు, ఇంత దూరం వచ్చి మా నూజివీడునే ఎందుకు ఎంచుకున్నారని అడిగాను.

“ఇక్కడ తోటల్లో పనిచేసేవాళ్లంతా ఒకే గాలి పీలుస్తారండీ. ఒకే షెడ్డులో కూర్చుని, ఒకే గడ్డి మీద కాయలు ఏరతారు. అక్కకి ఆయాసం వస్తుంది, చెల్లికి రాదు. ఎందుకంటారు?” అని నన్నే తిరిగి అడిగారు. సమాధానం నాకు తెలుసునేమో అన్నంత ఆసక్తిగా నా వైపు చూశారు. ఎవరిని ప్రశ్న అడిగినా ఆమె అలాగే చూసేవారు.

ఆమెకు కొన్ని అలవాట్లు ఉండేవి. కలాన్ని జడముడిలో గుచ్చుకుని, ఇల్లంతా దానికోసం వెదికేవారు. చక్కెర లేని టీ చల్లారిపోయేదాకా పక్కన ఉంచి, చివరికి ఒక్క గుక్కలో తాగేవారు. మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివారి ముఖం కాక మెడ కింది గుంటను గమనించేవారు. ఆయాసం ఉన్నవారికి ఊపిరి పీల్చినప్పుడల్లా అక్కడ లోతుగా లాగుతుంది. మొదటిరోజు మా వరండాలో కూర్చుని నాతో మాట్లాడుతూనే నా భార్య మెడవైపు చూసి, “పిన్నిగారికి ఎన్నాళ్లనుంచండీ?” అన్నారు.

ఏడాదికి మూడు తడవలు ఆమె పని సాగేది. పూతకు ముందు ఒకసారి, పూత నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, వానాకాలంలో ఒకసారి. అవే మనుషుల రక్తం మూడుసార్లు తీసి, ఐసు పెట్టెలో పెట్టి, ఆటోలో బస్టాండుకు, అక్కడినుంచి ప్రయోగశాలకు పంపేవారు. విస్సన్నపేట దారిలో ఒక మామిడి షెడ్డు ఉంది. దాని యజమాని నా శిష్యుడు కావడం వల్ల పరిచయం చేయడానికి మొదటిసారి నేనే వెంట వెళ్లాను. కాయలు ఏరే ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టి, ఊపిరి బలం కొలిచే గొట్టాన్ని చేతికిచ్చి ఊదమన్నారు.

“తాగి బండేమన్నా నడిపానా అండీ, ఊదమంటున్నారు?” అంది ముందు కూర్చున్నామె. షెడ్డులో అందరికంటే పెద్ద గొంతు ఆమెదే. అందరికంటే ఎక్కువ ఆయాసమూ ఆమెకే.

“నువ్వు నడిపేది మీ ఆయన్నే గదే” అంది పక్కనామె.

“ఆ బండికి బ్రేకుల్లేవులే. అవును గానీ డాక్టరమ్మా, మా రక్తం పట్టుకెళ్లి ఏం చేస్తారు?”

“అందులో కాపలావాళ్లుంటారు. ఎంతమందో లెక్కపెడతాను. ఆయాసం వచ్చేవాళ్లకి అవసరానికి మించి ఉంటారు.”

“మా తోటకి ఒక్కడూ దొరకట్లేదు. మిగిలితే ఇద్దర్ని ఇటు పంపండమ్మా!”

అందరికంటే ఎక్కువ నవ్వింది డాక్టరమ్మ గారే. ఆనాటినుంచి ఆ పోలికను ఆమె వదలలేదు. మా వరండాలోనూ అదే చెప్పారు. “తోటకి కొత్త కాపలావాణ్ణి పెట్టారనుకోండి మాస్టారూ. దారినపోయే మనిషిని చూసి దొంగనుకున్నాడు. మొదటిసారి ఏమీ చెయ్యడు. ముఖం గుర్తుపెట్టుకుంటాడు, తోటివాళ్లందరికీ ఆనవాలు చెప్తాడు. రెండోసారి ఆ మనిషి కనపడగానే అందరూ డప్పులేసుకుని లేస్తారు. ఆ గలాటాలో ఊపిరి గొట్టాలు వాస్తాయి, బిగుసుకుంటాయి, కళ్లె పేరుకుంటుంది. దారినపోయేవాడు మాత్రం ఏమీ చెయ్యలేదు.” మన ప్రాంతంలో ప్రతివారూ ‘ఇస్నోఫీలియా’ అని తేలికగా చెప్పుకునేది కూడా ఆ గలాటాకు వచ్చి చేరే ఒక గుంపు పేరేనని అప్పుడే నాకు తెలిసింది. “గలాటా అయ్యాక కొందరిలో వాళ్లు ఇళ్లకి పోరండీ. అక్కడే కాపురం పెడతారు. ఎందుకు పోరో తెలిస్తే, నా పని అయిపోయినట్టే” అనేవారు.

ఇక నా సంగతి. నా భార్య ఉబ్బసానికి మామిడిపూతే కారణమని నేను పాతికేళ్ల క్రితమే నిర్ణయించాను. నిర్ణయించడమే కాదు, తరగతిలో చెప్పాను, సభల్లో చెప్పాను, అడిగినవారికీ అడగనివారికీ చెప్పాను. మా పడకగది కిటికీ పక్కనే చిన్నరసం మామిడిచెట్టు ఉండేది. ఈ ఇల్లు కట్టిన ఏడాది నా భార్య నాటినది. పుష్యమాసంలో చెట్టు పూత మీదికి రాగానే నేను కిటికీలన్నీ బిగించి, సందులలో పాత పంచెల ముక్కలు కుక్కేవాణ్ణి. పిందె కట్టేదాకా ఆమెను ఆ గదిలోనే కూర్చోబెట్టేవాణ్ణి. పూతకాలమంతా ఆమెకు ఆయాసం హెచ్చేది. అది హెచ్చినకొద్దీ నా సిద్ధాంతం బలపడేది, మరునాడు మరో గుడ్డముక్క కుక్కేవాణ్ణి. ఆ గదిలో నాలుగు గోడలకూ నా పుస్తకాలే. నేలనుంచి దూలందాకా నలభై ఏళ్ల సేకరణ. వాటి మధ్య బూరుగుదూది పరుపు.

“వానాకాలంలో ఎలా ఉంటుందండీ పిన్నిగారికి?” అని డాక్టరమ్మ గారు ఒకసారి అడిగారు.

“ఫరవాలేదమ్మా” అన్నాను నేను. నా భార్య ఏదో చెప్పబోయి ఊరుకుంది. ఆమెను అడిగిన ప్రశ్నకు నేను సమాధానం చెప్పానన్న స్పృహ కూడా నాకు లేదు.

రెండో ఏడు చెట్టు కొట్టించదలచానని చెప్పినప్పుడు ఆమె టీ గ్లాసు కింద పెట్టారు. “ఒక్క పూత ఆగండి మాస్టారూ. చర్మం మీద చిన్న పరీక్ష చేద్దాం. పూతా, దుమ్మూ, బూజూ, అన్నీ ఒక్కో చుక్క వేసి గుచ్చుతాం. ఏది గిట్టదో అది పొంగుతుంది. మామిడి పుప్పొడి బరువండీ, జిగురు కూడా. ఈగలు మొయ్యాలి గానీ గాలికి అంతగా ఎగరదు. కొందరికి పడకపోవచ్చు, కాదనను. పిన్నిగారికి అదేనో కాదో చూడాలి కదా.”

“పాతికేళ్లుగా చూస్తున్నానమ్మా. ఇంకా చూడవలసింది లేదు” అన్నాను.

చెట్టు కొట్టడానికి ఇద్దరు వచ్చారు. పెద్దవాడు గొడ్డలి భుజాన వేసుకుని, తల పైకెత్తి కొమ్మలు చూసి, “పూతమీదున్న చెట్టండీ. కాయ దిగాక కొట్టిస్తే పోద్ది గదండీ?” అన్నాడు. నీ పని నువ్వు చూసుకోమన్నాను. మొదటి కొమ్మ పడగానే నా భార్య బయటికి వచ్చింది. లోపలికి పొమ్మంటే పోలేదు. పడిన కొమ్మల మధ్య, మోకాళ్ల ఎత్తు పూతలో, చివరి దాకా నిలబడింది. ఏడవలేదు. “ఆకు మేకలకి పనికొస్తది, తీసుకెళ్లండి నాయనా” అని మాత్రం వారితో అంది.

డాక్టరమ్మ గారు మేడమీదినుంచి చూసి దిగివచ్చారు. రెండు పూగుత్తులు తుంచి కాగితం కవరులో వేసుకున్నారు. నా భార్య పక్కన నిలబడి, అలవాటు ప్రకారం మెడ కింది గుంటవైపు చూశారు. వెళ్లబోతూ, “పిన్నిగారు రెండు గంటలనుంచి పూత మధ్యలోనే ఉన్నారండీ మాస్టారూ” అన్నారు.

“ఇప్పుడేం తెలుస్తుందమ్మా? రేపు తెలుస్తుంది” అన్నాను.

మరునాడు తెల్లవారేసరికి నా భార్యకు ఆయాసం వచ్చింది. చూశారా అన్నట్టు నేను మేడవైపు చూశాను. ఆ రాత్రి కూడా ఆమె పడుకున్నది కిటికీలు బిగించిన ఆ గదిలోనేనని నాకు తోచలేదు. పిల్లలు ప్రశ్న చదవకుండా జవాబు రాస్తే చెవి మెలిపెట్టినవాణ్ణి. నేను ప్రశ్నే చూడకుండా రాసిన జవాబుకు పూర్తి మార్కులు వేసుకున్నాను.

చెట్టు పోయింది. పూతకాలం పోయింది. ఆషాఢంలో ముసురు పట్టింది. ఆ ముసురులో నా భార్యకు ముందెన్నడూ రానంత ఆయాసం వచ్చి, మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. అప్పుడు డాక్టరమ్మ గారు మంచం పక్కన కూర్చుని, ఈసారి నా వైపు చూడకుండా, నా భార్యనే మళ్లీ అడిగారు.

“వానాకాలంలో ఎప్పుడూ ఇలాగే ఉంటుందమ్మా” అంది నా భార్య. “ఆయనకి పూతప్పుడే కనపడుద్ది.”

నెల తిరిగాక, పరీక్షకు అడ్డురాకుండా జలుబు బిళ్లలు ఆరు రోజులు ఆపించి, డాక్టరమ్మ గారు మా వరండాలోనే ఆ పరీక్ష చేశారు. నా భార్య ముంజేతిమీద కలంతో గుర్తులు పెట్టి, చుక్కలు వేసి, సన్నగా గుచ్చారు. పావుగంట ఆగాం. మామిడిపూత వేసినచోట ఏమీ లేదు. చర్మం చర్మంలాగే ఉంది. ఇంటి దుమ్ములో కంటికి ఆనని పురుగులుంటాయట, వాటిది వేసినచోట దోమ కుట్టినట్టు పొంగింది. పాత కాగితాల బూజుది వేసినచోట అంతకంటే పెద్దగా పొంగింది. నేను కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాను.

ఆమె నన్ను చిన్నబుచ్చలేదు. “పుస్తకాలని బయట పారెయ్యకండి మాస్టారూ, గది మార్చండి చాలు. తప్పు పుస్తకాలది కాదు, పిన్నిగారి ఒంటిదీ కాదు. అది కాపాడదామనే చూస్తోంది పాపం. ఎవరినుంచి కాపాడాలో పొరపడింది” అన్నారు. ఆ ఆదివారం ముక్కుకు గుడ్డ కట్టుకుని, నాతోపాటు పుస్తకాలన్నీ ముందుగదిలోకి మోసినది ఆమే. పరుపు మార్పించారు, దిండ్లకు బిగుతైన తొడుగులు వేయించారు, పీల్చే మందు ఏ వేళ ఎలా తీసుకోవాలో నా భార్యకు వారం రోజులు నేర్పారు. నేను కుక్కిన గుడ్డపీలికలను స్క్రూడ్రైవరుతో ఒక్కొక్కటిగా లాగి, కిటికీలు తెరిచారు.

తరువాతి పూతకాలంలో ఊరి చుట్టూ తోటలన్నీ విరగబూశాయి. తెరిచిన కిటికీలలోనుంచి ఆ వాసన గదిలోకి వస్తూంటే నా భార్య హాయిగా కూర్చుని పప్పు ఏరుకుంది. అది చూసి మా వీధి రైతు ఒకాయన, “ఏంటి మాస్టారూ, అమ్మగారికి ఈ ఏడు బాగున్నట్టుందే?” అన్నాడు.

“చెట్టు కొట్టించాను కదా” అన్నాను.

పాఠకులు నన్ను క్షమించనక్కరలేదు. ఆ మాట నోరుజారి వచ్చింది కాదు. ఆలోచించి అన్నదే. డాక్టరమ్మ గారు అప్పుడే మేడ మెట్లు దిగుతున్నారు. విన్నారు. తల ఊపి నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

ఊళ్లో నా మాటకు విలువ ఉంది. చెట్టు కొట్టిస్తే మాస్టారి భార్యకు ఉబ్బసం తగ్గిందట అన్న వార్త మా వీధినుంచి తోటలకు, తోటలనుంచి షెడ్డుకు పోయింది. మా వీధిలోనే పెరటిచెట్లు రెండు నేలకూలాయి. షెడ్డులో పెద్దగొంతు ఆమె పూతకాలమంతా తోట పనికి పోక, ఇంట్లోనే తలుపులు వేసుకుని కూర్చుంది. ఆ ఇంట్లో షెడ్డునుంచి తెచ్చుకున్న పాతగడ్డీ, పాత గోనెసంచులూ ఉన్నాయి. వాటిమీదే ఆమె పడక. వానలు పడి అవి చెమ్మగిల్లాక ఆమె పరిస్థితి ఏమై ఉంటుందో నాకు ఇప్పుడు తెలుసు.

అన్నిటికంటే పెద్ద నష్టం పరిశోధనకు జరిగింది. జబ్బు పూతదని మాస్టారే చెప్పగా, పూత రాలిపోయాక, వానల్లో రక్తం ఇవ్వడం ఎందుకని షెడ్డువారు మానేశారు. ఈ ఆషాఢంలో డాక్టరమ్మ గారు కుర్చీలు వరసగా వేయించి, అరటిపళ్లు, బిస్కెట్లు పెట్టుకుని రోజంతా కూర్చుని, ఐసు పెట్టె ఖాళీగా తిరిగి తెచ్చారు. మా వరండాలో కూర్చుని ఆమె మొట్టమొదటిసారి నన్ను ఒక సహాయం అడిగారు.

“మూడోసారి రక్తం లేకపోతే మొదటి రెండూ వృథా అండీ. ఎవరి ఒంట్లో కాపలా ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు సద్దుమణుగుతుందో ఏడాదంతా చూస్తేనే తెలుస్తుంది. మీరొకసారి షెడ్డుకి వచ్చి చెప్పండి మాస్టారూ. మా ఇంట్లో జబ్బు పూతది కాదు, గదిలో దుమ్ముది. ఈ ఒక్క మాట చాలు. నేను చెప్తే వినట్లేదు. మీరు చెప్తే వింటారు.”

“అలాగేనమ్మా, వచ్చేవారం” అన్నాను.

వచ్చేవారం వాన అన్నాను. ఆ పై వారం ఒక సన్మానసభ అన్నాను. షెడ్డు యజమాని నా శిష్యుడు. అతని ముందు, కాయలు ఏరే ఆడవాళ్ల ముందు, నేను చెప్పింది తప్పు అని ఎలా అనడం? అదొక్కటే అడ్డం. వేరే ఏమీ లేదు. ఆమె ప్రతిసారీ “సరేనండీ” అన్నారు. ఆ ‘సరే’లో నిష్ఠూరం ఏమైనా ఉందా అని వెదకి, లేదని సంతోషించేవాణ్ణి.

“అబద్ధం చెప్పారు సరే, దాన్ని మొయ్యడం దేనికండీ?” అంది నా భార్య ఒకరోజు, బియ్యం చెరుగుతూ, నా వైపు చూడకుండా.

ఊరికి బయలుదేరే రోజున డాక్టరమ్మ గారు గేటు దగ్గర ఆగి, “వెళ్లొస్తానండీ మాస్టారూ. పిన్నిగారూ, మందు మానకండి. వచ్చాక షెడ్డుకి వెళ్దామండీ, నెలాఖరు దాకా టైముంది” అన్నారు. “తప్పకుండా అమ్మా” అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు కూడా నా మనసు మరో సాకును సిద్ధం చేసుకుంటూనే ఉంది.

ఆమె పోయిన తొమ్మిదో రోజున, ఆమెతో కలిసి పనిచేసిన ఒకాయన ప్రయోగశాలనుంచి వచ్చారు. మేడమీది సామాను సర్దడానికీ, పని ముగించడానికీ వచ్చానన్నారు. షెడ్డువారి రక్తం అందకపోతే ఈ ప్రాంతపు పరిశోధన ఇంతటితో ఆపేస్తారట. “మేడం చాలా ఆశ పెట్టుకున్నారండీ దీనిమీద” అన్నారు. నేను చొక్కా మార్చుకున్నాను. నేను పిలవకుండానే నా భార్య కూడా చెప్పులు వేసుకుంది. ఆయన ఐసు పెట్టె తీసుకుని మా వెంట వచ్చారు.

షెడ్డులో ఆడవాళ్లు గడ్డిమీద కూర్చుని ఉన్నారు. నా శిష్యుడు లేచి నిలబడి నాకు కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు. రేకుల మీద వాన పడుతూంటే గొంతు పెంచవలసి వచ్చింది. దారిలో కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు. “మా ఇంట్లో జబ్బు పూతది కాదు. నా పుస్తకాల దుమ్ముది. ఆ సంగతి డాక్టరమ్మ గారు కనిపెట్టారు. నాకు తెలిసి కూడా మీకు చెట్టు అని చెప్పాను. అది అబద్ధం” అన్నాను. నా శిష్యుడు తల దించుకున్నాడు.

పెద్దగొంతు ఆమె గడ్డిమీదనుంచి లేచింది. లేవడానికి ఒక చెయ్యి గోడకు ఆనించింది. నాలుగడుగులు వేసేసరికే మెడ కింద గుంట లోతుగా లాగుతోంది. నేనూ అక్కడే చూశాను.

“ఈ మాట ఆ తల్లి ఉండగా చెప్పారాండీ?” అంది.

“చెప్పలేదమ్మా.”

ఆమె నా పక్కనుంచి దాటుకుని వెళ్లి, నాకు వేసిన కుర్చీలో కూర్చుంది. ఊపిరి కూడదీసుకుంటూ, ఎడమచేతి గాజులన్నీ ఒక్కొక్కటిగా మోచేతి పైకి ఎగదోసుకుని, ఏళ్ల తరబడి కాయల సొన మరకలతో నల్లబడిన ఆ చేతిని ప్రయోగశాలనుంచి వచ్చినాయన ముందు బల్లమీద వెల్లకిలా చాపింది.